అచ్చులో పగులు

ఉద్యోగం నుంచి దిగిపోయి మూడేళ్ళు దాటింది. ఇప్పటికీ పాత నాణేల మీద మోజున్న పిల్లలు అడ్రసు కనుక్కుని మా ఇంటికి వస్తుంటారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అందరూ అడిగేది ఒకటే. "మేడం, మీ సర్వీసులో మీరు చూసినవాటిలో అన్నిటికంటే మంచి స్థితిలో ఉన్న నాణెం ఏది?"

నేను మాట మార్చి కాఫీ కలపడానికి లోపలికి పోతాను. ఎందుకంటే నిజమైన జవాబు చెప్పుకోదగ్గది కాదు. అన్నిటికంటే మంచి నాణేలు నా చేతికి వచ్చిన రోజున నేను అవి నకిలీవని రాసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర వేసి ఇచ్చాను. ఆ కాగితం ఎంత దూరం పోయిందో, ఎవరిని ఏం చేసిందో రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఈసారి పూర్తి చేస్తాను.

నాది విడపనకల్లు పక్క పల్లె. డిగ్రీ అయ్యాక ఒక మ్యూజియంలో గుమస్తాగా చేరాను. చేరిన రెండో ఏడు నన్ను నాణేల గదిలో వేశారు. అక్కడ ఫారసీ చదవగలిగిన పెద్దాయన ఒకరుండేవారు. నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే. మొదటి నెలంతా నాణేన్ని ఎట్లా పట్టుకోవాలో మాత్రమే నేర్పించారు. ముఖం మీద వేలు పడకూడదు, రెండు వేళ్ళ మధ్య అంచులు పట్టుకోవాలి. తర్వాత అరుగుదల చూడటం నేర్పించారు. "అరుగుడు ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటే మొదలైతాదమ్మా. మనుషులకు మోకాళ్ళు పోయినట్లు," అనేవారు.

నాణెం స్థితి చెప్పడమంటే ఇంతే. ఎత్తైన అక్షరాల కొనలు ఎంత అరిగాయి, అంచుకు దెబ్బ ఉందా, ఎవరైనా తోమారా, అచ్చు కొట్టిననాటి కళ ఇంకా మిగిలి ఉందా. ఆ కళ ఉన్న నాణేన్ని వెలుతురులో మెల్లగా వాలిస్తే దాని ముఖం మీద కాంతి గుండ్రంగా తిరుగుతుంది. తోమిన నాణెం మీద కాంతి తిరగదు, చచ్చినట్టు ఒకచోట నిలబడిపోతుంది. ఇదంతా పెద్దాయన చెప్పగా విన్నదే తప్ప ఆ తిరిగే కాంతిని నేను మా జిల్లా నాణేల మీద చూసింది లేదు. ఇక్కడికి వచ్చేవన్నీ మెడలో గొలుసులకు గుచ్చినవి, మొలతాడుకు కట్టినవి, పండగ పండగకూ చింతపండు వేసి తోమినవి. అరిగినవాటినే ముప్పై ఏళ్ళు చూసి చూసి, నాణెమంటే అరిగే ఉంటుందని నా కళ్ళకు అలవాటైపోయింది.

పెద్దాయన రిటైరై, తర్వాత కన్నుమూశారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. "మేడం చూసి చెప్తే తిరుగు లేదు" అని నలుగురూ అనేవాళ్ళు. ఆ మాట నేనూ నమ్మాను. జరిగినదానికి మొదటి కారణం అదే.

నా సర్వీసు ఇంకా రెండేళ్ళుందనగా, ఒక ఎండాకాలం కళ్యాణదుర్గం అవతల ఒక మండల ఆఫీసు నుంచి కబురొచ్చింది. కరువు పనిలో నీటికుంట తవ్వుతుంటే ఒక ఆడమనిషి గడ్డపారకు ముంత తగిలిందట. మూతికి లక్క పోసి మూసిన మట్టిముంత. దాని నిండా ఫారసీ రాత ఉన్న వెండి రూపాయలు. ఆమె దాన్ని చీరకొంగులో కట్టుకుని నేరుగా ఊళ్ళో రెవెన్యూ ఉద్యోగి చేతికి ఇచ్చింది. ఆయన తహసీల్దారుకు ఇచ్చాడు. వచ్చి చూడమని మాకు ఉత్తరం.

నేను, మా ఫోటోగ్రాఫరు బయలుదేరాల్సింది. అతనికి ఆ రోజు జ్వరం. ఒక్కదాన్నే పోయాను. ఇది రెండో కారణం.

తహసీల్దారు ఆఫీసులో నాకోసం టేబులు మీద ఎర్రగుడ్డ పరిచి దాని మీద రూపాయలు కుప్ప పోశారు. చూడగానే నాకు మొదటి అనుమానం వచ్చింది. భూమిలో ఉన్న వెండి నల్లబడాలి. ఇవి పెళ్ళిపందిట్లో వెండి గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

"ఎవరైనా కడిగినారా వీటిని?" అని అడిగాను.

 అటెండరు ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను అప్పుడే ఆగిపోయింది. కరెంటు పోయింది.

గది చీకటిగా ఉంది. కరెంటు వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. నాలుగు గంటల బస్సు పోతే మళ్ళీ ఆరున్నరకు గాని లేదు. అటెండరు తన ఫోనులో టార్చి వేసి, నా వైపున్న టేబులు అంచు దగ్గర కిందివైపు నుంచి పట్టుకున్నాడు. నేను భూతద్దం తీసి మొదటి రూపాయి చూశాను. అక్షరాల కొనలు కత్తిమొనల్లా ఉన్నాయి. ఎక్కడా అరుగుదల లేదు. రెండోది, మూడోది అంతే. ఆ తర్వాత కనిపించింది గీత. అంచు దగ్గర మొదలై ఖాళీ జాగాలోకి వచ్చిన సన్నటి గీత, లోతుగా, గాడి పడినట్టు. నాలుగో దాని మీద అదే గీత అదే చోట. ఐదో దాని మీద కూడా.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. నాణెం మీద గీత లోపలికి ఉంటే అది నాణేనికి తగిలిన దెబ్బ. ఒకే దెబ్బ పది నాణేలకు ఒకే చోట తగలదు. కాబట్టి దెబ్బ తిన్న ఒక అసలు నాణేన్ని పెట్టి, దాన్నుంచి మూస తీసి, మిగతావన్నీ పోత పోశారని అర్థం. అదే గీత ఉబ్బెత్తుగా ఉంటే కథ పూర్తిగా వేరు. నాణెం కొట్టే ఉక్కు అచ్చు పగిలితే, ఆ పగులులోకి వెండి ఎక్కి నాణెం మీద గట్టులా లేస్తుంది. అది అసలైన నాణేనికి గుర్తు.

నాకు ఆ రోజు గీత లోతుగా కనిపించింది. ఎనిమిది చూసి ఆపేశాను. తూకం సరిగ్గానే ఉంది. తెలివైన దొంగలు తూకం సరిగ్గానే పోస్తారులే అనుకున్నాను. పోత నాణేనికి అంచున అతుకు కనబడాలి, కనబడలేదు. ఆకురాయితో రుద్దేసి ఉంటారనుకున్నాను. ఒకసారి తీర్మానం చేసుకున్న మనిషికి ఎదురు సాక్ష్యం కూడా వంతపాడుతుంది.

"ముంత పాతదే గాని రూపాయలు నకిలీవి సార్," అన్నాను.

తహసీల్దారు కుర్చీలో ముందుకు జరిగాడు. "ముంత పాతదే అని మీరే అంటాండారు. లోపల కొత్తవి ఎట్లొచ్చినాయి మేడం? అసలువి యాడ పోయినాయి?"

నాణేల గురించి అడిగినంతవరకు అది నా పని. ఇది నా పని కాదు. తెలియదు అని ఉండాల్సింది. ముప్పై ఏళ్ళ పేరు నోరు మూసుకోనివ్వలేదు.

"మార్చి ఉండొచ్చు సార్."

"అదే రాసివ్వండి."

రాశాను. 'ఇవి ఇటీవల పోత పోసినవి. అసలు నాణేలను మార్చి వీటిని ఉంచి ఉండవచ్చు.' రెండో వాక్యం దగ్గర నా పెన్ను ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. నాలుగు గంటల బస్సు అందింది. దారిలో బొరుగులు తిన్నాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

రూపాయలు సీలు వేసిన సంచిలో, ముంతతో సహా, పది రోజులకు మా దగ్గరికి వచ్చాయి. నకిలీవైనా రికార్డు కోసం ఫోటోలు తీయాలి. ఫోటోగ్రాఫరుకు జ్వరం తగ్గింది. అతను చిలమత్తూరు వైపువాడు, మాటల్లో సగం కన్నడం, పనిలో మాత్రం రాయిలాంటి మనిషి. దీపం ఎప్పుడూ ఎడమచేతి వైపు పైనుంచే పెడతాడు. కలెక్టరు వచ్చి చెప్పినా మార్చడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రింట్లు పట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఈ గీత గుంట అని రాసినారు గదా రిపోర్టులో?"

"ఔను."

"నాకు గట్టు మాదిరి కనపడతాండాది. నేనేమన్నా తప్పు తీసినానేమో, ఒకసారి చూడండి."

చూశాను. గీత ఉబ్బెత్తుగా ఉంది. నవ్వొచ్చింది. ప్రింటు తలకిందులుగా పట్టుకున్నానేమో అని తిప్పాను. గీత గాడి పడింది. మళ్ళీ తిప్పాను. గట్టు లేచింది.

 సంచి తెరిచి ఒక రూపాయి తీసి నా దీపం కింద పెట్టాను. గట్టు. దీపాన్ని నా వైపుకు, కిందికి మార్చాను. గాడి. మన కళ్ళు వెలుతురు ఎప్పుడూ పైనుంచే వస్తుందని అనుకుంటాయి. కిందినుంచి వెలుతురు పడితే గట్టు గాడిలా, గాడి గట్టులా కనపడతాయి. అక్షరాలు ఎత్తుగా ఉంటాయని నాకు ముందే తెలుసు కాబట్టి అవి మోసం చేయలేదు. ఎత్తో లోతో ముందే తెలియని ఆ ఒక్క గీత మోసం చేసింది. ఈ సంగతి పెద్దాయన నాకు మొదటి ఏడాదిలోనే చెప్పారు. నేను ఎంతమందికి చెప్పానో లెక్కే లేదు. ఆ ఫోను టార్చి టేబులు అంచు దగ్గర వెలుగుతున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

పళ్ళు కుట్టుకునే పుల్ల తీసి దాని మొనతో గీత మీద అడ్డంగా మెల్లగా తడిమాను. మొన ఎక్కి దిగింది.

అన్ని రూపాయలూ టేబులు మీద పరిచాను. కొన్నిటి మీద గీత చీమ తల కంటే చిన్నది. కొన్నిటి మీద సగం దాకా వచ్చింది. నాలుగైదింటి మీద రెండుగా చీలింది. ఒకదాని మీద అచ్చు ముక్క ఊడిపోయి వెండి ముద్దలా నిలిచింది. పోత పోసినవైతే అన్నీ ఒకేలా ఉండాలి. ఇవి ఒక పూట పని. ఎవరో ఒక పనివాడు సుత్తి దెబ్బ మీద దెబ్బ వేస్తూ అచ్చు పగులుతున్నా ఆపకుండా కొట్టిన రూపాయలు, సంతలో ఒక్కరోజు కూడా చెయ్యి మారకుండా నేరుగా ముంతలోకి పోయినవి. ముంత అడుగున గుడ్డపేలికకు అతుక్కుపోయిన ఒక రూపాయిని ఎవరూ తోమలేదు. దాన్ని దీపం కింద వాలించాను. దాని మీద కాంతి గుండ్రంగా తిరిగింది. ముప్పై ఏళ్ళ కిందట చెప్పగా విన్నది అప్పుడు చూశాను. చూసి సంతోషపడే స్థితిలో లేను.

మండల ఆఫీసుకు ఫోను చేశాను. తహసీల్దారు లేడు. అటెండరు ఎత్తాడు.

"ఆ కేసా మేడం? అది పోలీసోళ్ళకు పోయి వారమైంది. ఆ యమ్మ మొగుణ్ణి రోజూ స్టేషనుకు పిలిపిస్తాండారు. పొద్దున పోతే సాయంత్రం ఇడుస్తాండారు. అసలు రూపాయలు యాడ పెట్టినాడో చెప్పమని."

"వాళ్ళు ఏం మార్చలేదప్పా! అవి అసలువే!"

 అతను గొంతు తగ్గించి అన్నాడు. "మేడం, ఒగ మాట. ఆ పొద్దు మీరడిగితే చెప్పల్యా. చింతపండేసి నేనే తోమినా. పెద్ద మేడం వస్తాండాది, బాగా కనపడల్ల గదా అని."

మా అధికారి గదిలోకి పోయాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కూర్చోండి. ముందు మంచినీళ్ళు తాగండి. ఇప్పుడు మనం ఏం చేద్దామంటే, 'మరింత పరిశీలన అవసరం' అని ఒక లైను పంపిద్దాం. రెండు నెలల్లో రాజధాని నుంచి ఎవరైనా నిపుణుల్ని పిలిపిద్దాం. వాళ్ళు అసలువని చెప్తారు. ఎవరికీ మాట రాదు."

"రెండు నెలలు ఆ మనిషిని స్టేషనుకు పిలుస్తూనే ఉంటారు సార్."

"మీకు రెండేళ్ళ సర్వీసుంది. తప్పు రాశానని మీరే రాసిస్తే నేను మెమో ఇవ్వక తప్పదు. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ధైర్యంగా లేచి వచ్చానని రాయాలని ఉంది గాని అది నిజం కాదు. సాయంత్రం దాకా నా కుర్చీలో కూర్చుని మెమో గురించి, మనుషులు ఏమనుకుంటారో అన్నదాని గురించి, పెద్దాయన పేరుకు వచ్చే మచ్చ గురించి ఆలోచించాను. స్టేషనులో ఉన్న మనిషి గురించి ఆ మధ్యలో ఎక్కడో ఆలోచించాను. ఫోటోగ్రాఫరు తలుపు దగ్గర నిలబడి, "రేపు పొద్దున మొదటి బస్సుకు పోదామా మేడం? ప్రింట్లు నేను తెస్తా," అన్నాడు. పోదామా వద్దా అని అడగలేదు. ఏ బస్సుకో అడిగాడు. దాంతో నాకు వేరే దారి లేకుండా పోయింది.

మరుసటి రోజు పొద్దున తొమ్మిదిన్నరకు స్టేషను మెట్లెక్కాము. వరండాలో గోడకు ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుండొచ్చు, భుజం మీద కంబళి. గొర్లు కాసే మనిషి అని చూస్తేనే తెలుస్తుంది. కాళ్ళు ముందుకు చాపి ఉన్నాయి. అరికాళ్ళు ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ పాదాల మీద నా సంతకం కనబడినట్టయింది.

ఎస్సై చిన్నవాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేయించాడు. "మీరు రాసిన రిపోర్టు వల్లే మేడం కేసు గట్టిగా నిలబడింది. ఇంగ రెండు రోజుల్లో కక్కిస్తాము."

"ఆ రిపోర్టు తప్పు," అన్నాను.

"ఏంది మేడం?"

"ఆ రూపాయలు అసలువి. అన్నీ అసలువే. మార్చింది ఎవరూ లేరు. నేను తప్పు చూసినాను, తప్పు రాసినాను."

అతను నా ముఖం వైపు, ఫోటోగ్రాఫరు పరిచిన ప్రింట్ల వైపు మార్చి మార్చి చూశాడు.  "మీరే గదా రాసింది, మార్చి ఉండొచ్చని?"

"నేనే. అది నాకు తెలియదు. తెలియనిది రాసినాను."

"తెలియనిది ఎట్ల రాస్తారు మేడం?" అని అరిచాడు. ఆ అరుపు కోపంతో వచ్చింది కాదు. తాను ఏం చేశాడో అప్పుడే చూసుకున్న మనిషి అరుపు.  

అక్కడే ఒక తెల్లకాగితం అడిగి రాశాను. మొదటి రిపోర్టు నా తప్పని, ఎవరి ఒత్తిడీ లేదని, దొరికినవాళ్ళు దొరికినవి దొరికినట్టే ఇచ్చారని. కింద పూర్తి పేరు, హోదా. ఎస్సై దాన్ని రెండుసార్లు చదివి బయటికి పోయి వరండాలో కూర్చున్న ఆయనతో, "ఇంగ పో అన్నా. ఇంగ రావల్సిన పని లేదు," అన్నాడు.

ఆయన లేవలేదు. "సాయంత్రం గదా ఇడిసేది?" అన్నాడు.

"లేదన్నా, ఇప్పుడే పో."

"రేపు ఎన్ని గంటలకు రావల్ల?"

ఫోటోగ్రాఫరు వెళ్ళి ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆటో మాట్లాడి ముగ్గురం వాళ్ళ ఊరికి పోయాము.  దారిలో గొర్లు ఎవరు చూస్తున్నారని ఆయన్ని అడిగాను. అమ్మేసినామని చేత్తో సైగ చేశాడు.

ఇల్లు ఊరి చివర. చిన్న మిద్దె. వాకిలి దగ్గర ఎర్రమట్టి కుప్ప చూసి ఇల్లు కడుతున్నారేమో అనుకున్నాను. లోపలికి తొంగి చూసి ద్వారబంధం పట్టుకున్నాను.

నేల లేదు. బండలన్నీ పెకలించి గోడలకు ఆనించారు. గది మధ్యలో నడుము లోతు గొయ్యి. పొయ్యి ఉన్నచోట ఇంకొకటి. గోడలో గూళ్ళు కూడా పగలగొట్టారు. ఒక మూల, తవ్వకుండా మిగిలిన చాపంత జాగాలో ఒక ఆడమనిషి కూర్చుని మూడు ఇటుకలు పొయ్యిగా పెట్టి సంగటి కెలుకుతోంది. నలభై ఐదేళ్ళుంటాయి, చేతులు గడ్డపార పట్టిన చేతులు. ముంత దొరికింది ఆమెకే.

భర్తను చూసి లేచింది. మధ్యాహ్నం కాకుండానే వచ్చాడని భయపడింది. "ఏమాయ? ఏమాయ?" అంటూ గొయ్యి అంచు మీద నడుచుకుంటూ వచ్చింది.

"ఏం కాలేదు. ఇడిసినారు," అన్నాడు ఆయన. 

"పోలీసోళ్ళు తవ్వినారా ఇదంతా?" అని అడిగాను.

"వాళ్ళు రెండు బండలు లేపినారు. మిగిలింది ఊరోళ్ళు. మేమిద్దరం స్టేషనులో ఉంటే వచ్చి తవ్వినారు. నాతో కుంటలో పనిచేసినోళ్ళే. మా ఆడబిడ్డ గూడా." ఇంకొకరి ఇంటి గురించి చెబుతున్నట్టు చెప్పింది. తర్వాత నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వెవురమ్మా?"

దారంతా ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాను. ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"రూపాయలు నకిలీవని రాసింది నేనే. తప్పు రాసినా. అవి అసలువే."

ఆమె కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె వెనక్కి పోయి సంగటి కుండ దించి, తెడ్డు దాని మీద పెట్టింది.

"నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని గదమ్మా," అంది. "ఆ పొద్దు ఆఫీసు బయట చెట్టు కిందనే కూసోనుంటి. పొద్దు మునిగేదాకా ఉంటి. నువ్వు నా ముందరే బస్సుకు పరిగెత్తినావు."

 ఆ చెట్టు గుర్తొచ్చింది. కింద ఎవరో కూర్చుని ఉండటం కూడా గుర్తొచ్చింది. నాణేలు ఎవరికి దొరికాయో ఆ మనిషిని చూడాలని, ఆ ముంత ఎట్లా ఉందో, ఎవరు తెరిచారో, ఎవరు కడిగారో అడగాలని నాకు తట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ నేల నేలగా ఉండేది.

ఫోటోగ్రాఫరు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పార తీసుకుని మట్టి గోతిలోకి లాగడం మొదలుపెట్టాడు. నేను కొంగు దోపి గంప అందుకున్నాను. ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు. కాసేపటికి, "ఆ బండ కాదు, అది పొయ్యికాడిది. ఆ పక్కదాన్ని పట్టుకో," అంది. సాయంత్రం దాకా పూడ్చాము. ఊళ్ళోవాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఒక్కరు మాత్రం, ముసలామె, వచ్చి ఒక చేయి వేసింది. ఆడబిడ్డ రాలేదు. సగం గది పూడింది. మిగతాది వాళ్ళు తర్వాత పూడ్చుకున్నారు. పొద్దు వాలేముందు ఆమె మాకు కూడా సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్నాము. 

నాకు మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది. "మేడం చూసి చెప్తే తిరుగు లేదు" అనేవాళ్ళు ఆ మాట అనడం మానేశారు. అది మంచిదే అయింది. ఆ రెండేళ్ళూ ఏ నాణేన్నీ ఇంకొకరి చేత కూడా చూపించకుండా, చుట్టూ తిప్పి నాలుగు వైపుల వెలుతురులో చూడకుండా, దొరికిన మనిషితో మాట్లాడకుండా రాయలేదు. రాసేటప్పుడు నాణెం దగ్గరే ఆగిపోయాను, మనుషుల గురించి రాయలేదు. నాణేల మీద మోజుతో నా దగ్గరికి వచ్చే పిల్లలూ, మీరూ అక్కడే ఆగండి.

రూపాయలను అద్దాల పెట్టెలో పెట్టాలని నిర్ణయం అయినప్పుడు నేను ఒక విషయం మీద పట్టుబట్టాను. పెట్టెలో కార్డు మీద దొరికినవాళ్ళ పేర్లు ఉండాలని. మా అధికారి ఒప్పుకోలేదు. అట్లాంటి పద్ధతి లేదన్నాడు. నెల రోజులు వెంటపడి ఒప్పించాను. భార్యాభర్తల పేర్లు, ఊరు పేరు, 'వీరి నిజాయితీ వల్ల ఇవి మనకు దక్కాయి' అని అందమైన అక్షరాల్లో రాయించాను. నా తప్పుకు అదే ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నా రిటైర్మెంటుకు వారం ముందు వాళ్ళను పిలిపించాను.

ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. కూడబలుక్కుని చదవగలదు. అద్దానికి ముఖం ఆనించి తన పేరు చదువుకుంది, భర్త పేరు చదివింది. నాకేసి చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఆయప్పను పిలుచుకొస్తా," అని బయటికి పోయింది.

ఎంతసేపటికీ రాలేదు. నేనే బయటికి పోయాను. ఆయన ప్రభుత్వ బోర్డు ఉన్న గేటు దాటి లోపలికి రాలేదు. ఎండలో, రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు. ఆమె తల వంచుకుని పక్కన నిలబడింది.

"రా అన్నా, లోపల చల్లగా ఉండాది," అన్నాను.

"అమ్మా, ఆడ కాగితం మీద నా పేరుండాదంట."

"ఉండాది. మర్యాదగా రాయించినా అన్నా. వచ్చి చూడు."

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. 

"తీసెయ్యమ్మా. నీ కాళ్ళు మొక్కుతా. మా పేరు యాడన్నా కాగితం మీద ఉంటే, దాన్ని చేతబట్టుకోని ఎవురో ఒకరు వస్తారు. మా ఇంటికి ఎవురూ రాకూడదు. నువ్వు గూడా రావొద్దు."

 దగ్గర దగ్గర రెండేళ్ళు గడిచింది, అంతా సర్దుకుందని అనుకుంటున్నాను. లోపలికి పోయి తాళం తీయించి కార్డు బయటికి తెచ్చాను. ఆయన కళ్ళ ముందే చించాను. ఆయన ముక్కలు అడిగాడు. ఇచ్చాను. గాలికి రెండు ముక్కలు రోడ్డు మీద పడితే వంగి వాటినీ ఏరుకున్నాడు. అన్నీ జేబులో వేసుకుని, పైన చెయ్యి అదిమి పెట్టుకుని, కుంటుకుంటూ బస్సుస్టాండు వైపు నడిచాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి ఆయన వెనకే వెళ్ళింది.